మంచుకు ముందే కట్టిన తాళ్ళు

మన గోదావరి ప్రాంతములో చెట్లు ఆకులు రాల్చేది మాఘ ఫాల్గుణ మాసాలలో. నవంబరు అంటే మనకు వరికోతలు, తుఫాను కబుర్లు, ఆరబోసిన ధాన్యము తడవకుండా ఉరుకులు పరుగులు. జపాను దేశములో మాత్రము నవంబరే ఆకురాలు కాలము. వసంతములో చెర్రీపూలు చూడటానికి వెళ్ళినట్టే, ఈ కాలములో ఎర్రబారిన ఆకులు చూడటానికి అక్కడివారు కుటుంబాలతో తోటలకు బయలుదేరుతారు. ఎర్రబడే ఆ ఆకులను, ఆ చెట్లను వారు మోమిజి అని పిలుస్తారు. పిల్లలు, పెద్దలు, చేతికర్ర పట్టుకున్న ముసలివారు ఒక చెట్టు క్రింద నిలబడి తల పైకెత్తి చూస్తూ ఉంటారు. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు.

మేము 2024 నవంబరు రెండవ వారములో కనజావా పట్టణములోని కెన్రోకుఎన్ అనే తోటకు వెళ్ళాము. జపానులో పేరుపొందిన మూడు గొప్ప తోటలలో ఇది ఒకటి. మిగిలిన రెండు మితో, ఒకయామా పట్టణాలలో ఉన్నాయి. మా అమ్మాయి కనజావా దగ్గర ఒక విశ్వవిద్యాలయములో మూడేండ్లుగా పరిశోధన చేస్తున్నది. ఆ సంవత్సరము జనవరి 1న ఆ జిల్లా ఉత్తర భాగమైన నోతో ద్వీపకల్పములో పెద్ద భూకంపము వచ్చింది. అమ్మాయి ఉన్న ఇల్లు కూడ ఊగిందట. అప్పటినుండి ఆమెను కళ్ళారా చూడాలని మా ఆరాటము. మమ్మల్ని, ముఖ్యముగా తన తండ్రిని చూడాలని ఆమె ఆరాటము.

దానికి కారణము ఉంది. మా వారు పాలకొల్లు దగ్గర హైస్కూలులో లెక్కల మాస్టారుగా పనిచేసి 2016లో రిటైరు అయ్యారు. ముత్యాల వంటి చేతివ్రాత ఆయనది. కొన్నేండ్ల క్రితము ఆ అక్షరాలు చిన్నవై, చీమలబారులా కాగితము మీద ఒక మూలకు ముడుచుకుపోసాగాయి. తరువాత కుడిచేయి వణకటము మొదలైంది. గుమ్మము దగ్గరకు వచ్చేసరికి పాదాలు నేలకు అంటుకుపోయినట్టు ఆగిపోయేవి. 2023లో డాక్టరుగారు అది పార్కిన్సన్ వ్యాధి అని చెప్పారు. మందులతో దానిని అదుపులో పెట్టవచ్చును గాని పూర్తిగా పోదని, కాలము గడిచేకొలది సాయము ఎక్కువ అవసరమవుతుందని వివరముగా, దయగా చెప్పారు.

మేము వెళ్ళిన రెండవ రోజు రాత్రి అన్నాలు తింటుండగా అమ్మాయి తన నిర్ణయము చెప్పింది. పరిశోధన మానేసి ఇంటికి వచ్చేస్తుందట. రాజీనామా ఉత్తరము వ్రాసి ఉంచింది. నెలాఖరుకు ఇచ్చేస్తుందట. మా వారు ఏమీ అనలేదు. మజ్జిగ పోసుకుని అన్నము ముగించి, “రేపు తోటకు తీసుకువెళ్తానన్నావు గదమ్మా” అని మాత్రము అన్నారు. ఆ రాత్రి మాకు నిద్ర సరిగా పట్టలేదు. అమ్మాయికీ పట్టలేదని ప్రక్కగదిలో దీపము చెప్పింది.

మరునాడు ప్రొద్దున చిన్న తుంపర. కనజావాలో అన్నము డబ్బా మరచిపోయినా ఫరవాలేదు, గొడుగు మాత్రము మరువకూడదని సామెత ఉన్నదట. మూడు గొడుగులతో బయలుదేరాము. ద్వారము దగ్గర అరవై అయిదు దాటినవారికి టికెట్టు లేదని చెప్పి, మా వారి పాస్‌పోర్టు చూచి లోపలికి పంపారు. “వయసు వలన కలిగిన మొదటి లాభము” అని ఆయన నవ్వారు.

ఆ తోట సుమారు ఇరవై ఎనిమిది ఎకరాలు. కనజావాను ఏలిన మాయెదా వంశపు ప్రభువులు 1676 నుండి తరతరాలుగా దీనిని పెంచారు. 1759లో అగ్నిప్రమాదములో చాలమట్టుకు కాలిపోతే మళ్ళీ నాటారు. 1874 నుండి ప్రజలందరినీ లోపలికి రానిస్తున్నారు. కెన్రోకు అంటే ఆరు గుణాలు కలిసి ఉన్నది అని అర్థము. 1822లో, ఒక పాత చైనా గ్రంథములోని మాటను బట్టి ఈ పేరు పెట్టారు. విశాలత, ఏకాంతము, మనిషి పనితనము, ప్రాచీనత, పారే నీరు, దూరపు చూపు - ఇవి ఆ ఆరు గుణాలు. ఆలోచిస్తే ఇవి జంటలుగా ఒకదానితో ఒకటి పొసగనివి. విశాలముగా ఉన్నచోట ఏకాంతము ఉండదు. నీరు పల్లానికి పారుతుంది, దూరపు చూపుకు ఎత్తు కావాలి. పొసగని వాటిని ఒకేచోట కలిపి ఉంచారు గనుకనే ఆ తోటకు అంత పేరు.

నీటి సంగతి మా వారికి మిక్కిలి నచ్చింది. ఆ తోట ఎత్తు మీద ఉంది. అక్కడికి నీరు ఎట్లా ఎక్కింది? 1631లో పట్టణము అగ్నికి ఆహుతి అయిన తరువాత, 1632లో ఇతయా హెయిషిరో అనే ఆయన పదిమైళ్ళకు తక్కువైన దూరమునుండి సాయి నది నీటిని కాలువ త్రవ్వి తెచ్చాడు. ఆ కాలువ నీరే ఈనాటికీ తోటలో పారుతున్నది. పెద్ద చెరువుకు క్రింది భాగములో ఒక ఫౌంటెను ఉంది. దానికి యంత్రము లేదు. పై చెరువుకూ దానికీ మధ్య ఉన్న ఎత్తు తేడా వలననే నీరు పైకి చిమ్ముతుంది. గోదావరి కాలువల నడుమ పుట్టి పెరిగిన మనిషి గనుక మా వారు అక్కడ చాలసేపు నిలబడి చూచారు.

యమజాకియామా అనే చిన్న గుట్ట మీద మోమిజి చెట్లు ఎర్రబారుతున్నాయి. కొన్ని కొమ్మలు కుంకుమరంగు, కొన్ని పండుమిరప రంగు, కొన్ని ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఒకే కొమ్మ మీద మూడు రంగులు చూచాము. రాత్రులు చల్లబడి పగళ్ళు ఎండకాస్తే ఆకులోని పచ్చదనము కరిగిపోతుంది. పసుపురంగు మొదటినుండి ఆకులో దాగి ఉన్నదే. పచ్చదనము తొలగిన తరువాత అది కనబడుతుంది. ఎరుపు మాత్రము అప్పుడే, రాలిపోయే ముందు, ఆకు తనలో క్రొత్తగా తయారు చేసుకుంటుంది. అమ్మాయి ఇది వివరిస్తుంటే విన్నాము. రాలిన ఆకులు నాచు మీద పడి, పచ్చపట్టు మీద కుట్టిన పువ్వులవలె ఉన్నాయి.

చెరువు ఒడ్డున రాతిదీపము ఒకటి ఉంది. కొతోజి దీపమని దాని పేరు. కొతో అనేది మన వీణవంటి వాయిద్యము. దాని తీగలను ఎత్తి పట్టే చిన్న చెక్కవలె ఈ దీపానికి రెండు కాళ్ళు ఉండటము వలన ఆ పేరు వచ్చింది. ఒక కాలు పొడవుగా నీటిలో ఉంది, రెండవది పొట్టిగా ఒడ్డున రాతి మీద ఆనుకొని ఉంది. మొదట రెండు కాళ్ళూ సమానముగానే ఉండేవట. ఒకటి విరిగితే, విరిగిన దానిని రాతి మీద ఆనించి నిలబెట్టారని చెబుతారు. ఈనాడు ఆ తోటకు గుర్తు ఏదంటే ఆ దీపమే. పోస్టుకార్డుల మీద, మిఠాయి డబ్బాల మీద దాని బొమ్మే వేస్తారు.

దాని ఎదుట చిన్న రాతివంతెన ఉంది. అక్కడ నిలబడి ఫొటో తీయించుకోవాలని జనము వరుసగా వస్తున్నారు. మా వారు వంతెన మొదటి రాతి దగ్గరకు వచ్చి ఆగిపోయారు. పాదాలు కదలలేదు. వెనుక వచ్చేవారు ఏమీ అనకుండా నిలబడ్డారు. మాకు గుండె దడ పుట్టింది. అమ్మాయి తొందరపడలేదు, చేయి పట్టి లాగలేదు. తండ్రి ముందుకు వెళ్ళి, తన పాదమును ఆయన పాదాలకు అడ్డముగా పెట్టి, “నాన్నా, నా కాలు దాటండి” అన్నది. దాటటానికి ఎదుట ఒక గీత కనబడితే ఆగిన పాదము కదులుతుందట; ఈ వ్యాధికి వ్యాయామము నేర్పేవారు చెప్పే ఉపాయమే అది. ఆయన దాటారు. రెండవ అడుగు, మూడవ అడుగు తేలికగా పడ్డాయి. వంతెన మీదికి చేరి రాతిదీపాన్ని చూచి, “ఈయన నా వంటివాడే” అన్నారు. ముగ్గురమూ నవ్వాము. ఆ నవ్వు చాటున అమ్మాయి కళ్ళు తుడుచుకోవటము చూచాము.

ఆ చెరువు ఒడ్డునే కరసాకి పైన్ చెట్టు ఉంది. పదమూడవ ప్రభువైన మాయెదా నరియాసు బివా సరస్సు ఒడ్డున ఉన్న కరసాకి నుండి విత్తనము తెప్పించి మొలిపించిన చెట్టు. కొమ్మలు పైకి పోక ప్రక్కలకు చాచుకొని నీటిమీదకు వంగి ఉంటాయి. వాటి క్రింద ఎన్నో ఊతకర్రలు. గెల వేసిన అరటిచెట్టుకు మనము ఊత పెడతాము. గెల కోయగానే తీసివేస్తాము. ఇక్కడ ఊతలు ఏడాది పొడుగునా ఉంటాయి. వాటిని దాచే ప్రయత్నము ఎవరూ చేయలేదు. ముసలి చెట్టు ఊత మీద ఆనుకొని ఉండటము ఆ తోట అందములో ఒక భాగము.

మేము వెళ్ళిన రోజులలో ఊతలతోపాటు మరొకటి కూడ కనబడింది. చెట్టు మధ్య పొడవైన స్తంభాలు నిలబెట్టి, వాటి కొననుండి ప్రతి కొమ్మకూ తాడు కట్టారు. దూరమునుండి చూస్తే గొడుగు కమ్మీలవలె, పెండ్లిపందిరి తోరణాలవలె ఉన్నాయి. దీనిని యుకిత్సురి, అంటే మంచుకోసము వ్రేలాడదీయటము అంటారు. ప్రతి సంవత్సరము నవంబరు 1న ఈ కరసాకి చెట్టుతోనే పని మొదలుపెడతారు. డిసెంబరు మధ్యవరకు మిగిలిన చెట్లకు కడతారు. మార్చి మధ్యనుండి విప్పుతారు.

ఇంత శ్రమ ఎందుకంటే, అక్కడ పడే మంచు తేలికైనది కాదు. సైబీరియానుండి వీచే చలిగాలి జపాను సముద్రము మీదుగా వస్తూ నీటి ఆవిరిని మోసుకువచ్చి, కొండలకు తగిలి మంచుగా కురుస్తుంది. అది తడిమంచు, కొమ్మకు పట్టుకొని బరువెక్కుతుంది. దూదివలె కనబడుతుంది గాని, ఒక్క రాత్రిలో నూరేండ్ల కొమ్మను విరిచివేయగలదు. పడమటి దేశాలనుండి ఆపిల్ చెట్లు వచ్చిన తరువాత, కాయల బరువుకు కొమ్మలు విరగకుండ రైతులు ఇట్లా తాళ్ళు కట్టేవారట. ఆ పద్ధతినే మంచుకు వాడుకున్నారని చెబుతారు.

మరొక చెట్టుకు అప్పుడే తాళ్ళు కడుతున్నారు. ఒకతను స్తంభము కొన దగ్గర కూర్చొని తాడు చుట్టను క్రిందికి విసురుతున్నాడు. క్రింద ఉన్నవారు పట్టుకొని, కొమ్మను చేతితో తడిమి, ఎక్కడ కట్టాలో చూచి ముడివేస్తున్నారు. అది నైలాను తాడు కాదు, వరిగడ్డితో పేనినది. మన పొలాలలో మోపులు కట్టే గడ్డివెంటి వంటిదే, ఇంకా గట్టిగా పేనినది. ఒక సంగతి గమనించాము. వారు కొమ్మను పైకి లాగటము లేదు, వంగినదానిని నిటారు చేయటము లేదు. ఉన్నచోటనే, ఉన్న వంపుతోనే దానిని పట్టి ఉంచుతున్నారు. ఆకాశములో ఒక్క మంచుపలుకు కూడ లేదు. ఎర్రాకుల మీద ఎండ కాస్తున్నది. అయినా వారు ఆ పని చేస్తున్నారు.

మా వారు కరసాకి చెట్టు వైపు తిరిగి, “దానికి ఎన్ని తాళ్ళమ్మా?” అని అడిగారు.

“అయిదు స్తంభాలు, సుమారు ఎనిమిది వందల తాళ్ళు నాన్నా.”

లెక్కల మాస్టారు గదా, కొంచెముసేపు ఊరకున్నారు. తరువాత, “చెట్టు మీద టన్ను మంచు పడిందనుకో. తాడుకు ఎంత వస్తుంది?” అన్నారు.

అమ్మాయి చిన్నప్పుడు నోటిలెక్క చెప్పినట్టే వెంటనే చెప్పింది, “కిలోంబావు.”

“అంతే గదా. కిలోంబావు చిన్నపిల్లయినా మోస్తుంది. అదే ఒక్క తాడు కట్టి టన్నూ దానికే వ్రేలాడదీస్తే?”

అమ్మాయి మాట్లాడలేదు. ఆయనే మెల్లగా అన్నారు, “తాడు తెగుతుంది. తెగిన తరువాత కొమ్మా విరుగుతుంది. నువ్వు ఆ ఉత్తరము ఇవ్వవద్దు తల్లీ.”

“మరి నేను ఎవరిని నాన్నా? నాకేమీ పని లేదా?” అని అడిగింది. గొంతు పూడుకుపోయింది.

“నీ కిలోంబావు నీదే. దానిని ఇంకెవరికీ ఇవ్వము.”

మేము ముగ్గురము అక్కడి చెక్కబల్ల మీద కూర్చొని చాలసేపు మాట్లాడుకున్నాము. అమ్మాయి ఊరకే ఒప్పుకోలేదు. “అమ్మకు మాత్రము వయసు రావటము లేదా? రాత్రి మీరు పడిపోతే అమ్మ ఒక్కతే ఏమి చేస్తుంది?” అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. దానికి “దేవుడే చూచుకుంటాడు” అని చెప్పి తప్పించుకోలేదు. ఆమె సంచిలోని నోటుబుక్కు తీసుకొని, ఎవరెవరు ఏ బరువు ఎత్తగలరో వ్రాయటము మొదలుపెట్టాము. చేతివ్రాత చీమలబారులా ఉన్నా మా వారే వ్రాస్తామన్నారు. ఆయన వ్రాసిన ఆ కాగితము ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

బయటకు వచ్చేటప్పుడు తోటకు ఎదురుగా వంతెన దాటితే కోట ద్వారము కనబడుతుంది. అమ్మాయి అక్కడ ఒక కథ చెప్పింది. తకయామా ఉకోన్ అనే ప్రభువు పన్నెండేండ్ల వయసులో బాప్తిస్మము పొందాడు. 1587లో విశ్వాసము విడిచిపెట్టుమని అధికారి ఆజ్ఞ ఇస్తే, విశ్వాసము విడువక తన సంస్థానమును విడిచాడు. 1588లో మాయెదా ప్రభువు ఆయనను కనజావాలో చేర్చుకున్నాడు. ఈ కోటను బలపరచటములో ఆయన చేయి ఉంది. తోట అప్పటికి ఇంకా లేదు. ఇరవై ఆరేండ్లు ఇక్కడ బ్రతికిన తరువాత, 1614 చలికాలములో దేశబహిష్కారము వచ్చింది. అరవై దాటిన వయసులో ఆ మంచులోనే ఈ పట్టణము విడిచి నడిచాడు. ఆయనతో భార్య, కుమార్తె, మనుమలు నడిచారు. 1615లో మనీలాలో కన్నుమూశాడు. రోమను కాథలిక్కు సంఘము 2017లో ఆయనను ధన్యునిగా ప్రకటించింది.

ఆ కథలో ఆయన ధైర్యము గొప్పది, నిజమే. మాకు ఎక్కువగా తోచినది మాత్రము వేరొకటి. ఆ మంచుదారిలో ఆయన ఒంటరిగా నడవలేదు. ప్రక్కన ఎవరో చేయి పట్టుకొని ఉన్నారు.

మేము ఇంటికి వచ్చి ఏడాది దాటింది. ఆ నోటుబుక్కులో వ్రాసినవి ఒక్కొక్కటిగా అమర్చుకున్నాము. వీధిగుమ్మము నుండి స్నానాల గదివరకు గోడకు ఇనుప పట్టీ వేయించాము. పాదము ఆగే గుమ్మాల దగ్గర నేల మీద జానెడు ఎడముతో పసుపు టేపు గీతలు అంటించాము. వచ్చిన చుట్టాలు అవి ఏమిటని అడిగితే సంగతి దాచకుండ చెబుతాము. మరిదిగారి అబ్బాయి నెలకు ఒకసారి వచ్చి బ్యాంకు పని, ఆసుపత్రి పని చూస్తాడు. సంఘములోని ఒక యౌవనస్థుడు సాయంకాలము ఆయనతో కాలువగట్టు మీద అరగంట నడుస్తాడు. ఆ అబ్బాయికి ఆయన లెక్కలు చెబుతారు. ఎదురింటి పిన్నిగారి దగ్గర మా ఇంటి తాళపుచెవి ఒకటి ఉంటుంది. మంగళవారము మధ్యాహ్నము ఆమె వచ్చి కూర్చుంటే, ఆ రెండు గంటలు ఈ వ్రాసే మనిషికి సెలవు.

అమ్మాయి వంతు మందుల లెక్క. ఈ జబ్బుకు మాత్ర వేళకు పడాలి. ఒక గంట ఆలస్యమైతే చేయి, కాలు వెంటనే చెబుతాయి. మనకు ప్రొద్దున ఏడు గంటలైతే అక్కడ పదిన్నర. ఆ వేళకు ఫోను మ్రోగుతుంది. “నాన్నా, వేసుకున్నారా?” అని అడిగి, తన పని సంగతి నాలుగు మాటలు చెప్పి పెట్టేస్తుంది. ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్తుంది. ఆమె పరిశోధన సాగుతున్నది.

కెన్రోకుఎన్ తోటలో మార్చి రాగానే తాళ్ళు విప్పుతారు. మా ఇంటి చలికాలానికి అటువంటి మార్చి నెల లేదని మాకు తెలుసు. నిరుటికన్నా ఈ ఏడు ఆయన అడుగు చిన్నదైంది, మాట నెమ్మదించింది. కొన్ని రాత్రులు ప్రక్కమీద ఒత్తిగిలటానికి కూడ సాయము కావాలి. తాళ్ళు ఉన్నంత మాత్రాన మంచు పడకుండ పోదు. ఆ సంగతి మరచి ఎవరికీ ధైర్యము చెప్పలేము. అయితే ఆ పైన్ చెట్టు క్రింద ఏడాది పొడుగునా ఉండే ఊతకర్రలు కూడ చూచాము గదా. కొన్ని తాళ్ళు కొన్నాళ్ళకు, కొన్ని ఊతలు ఎప్పటికీ.

ప్రియమైన పాఠకులారా, మీ ఇండ్లలో కూడ వంగుతున్న కొమ్మలు ఉండవచ్చును. తల్లియో, తండ్రియో, మీరే కావచ్చును. ఇంకా ఎండ కాస్తూ ఉండగానే, అందరూ నవ్వుతూ మాట్లాడుకోగల రోజులలోనే, ఒక కాగితము తీసుకొని కూర్చోండి. ఎవరు ఏది మోయగలరో వ్రాయండి. చిన్న వంతును చిన్నదని కొట్టివేయకండి. ఆ కాగితము మీద మీ వృద్ధుని చేత కూడ ఒక పేరు వ్రాయించండి. తాను ఎవరికి ఊత కాగలడో అడగండి. మా వారి కాగితములో చివరి వరుస అదే: “కాలువగట్టు అబ్బాయికి - పదవ తరగతి లెక్కలు.” ఆ అబ్బాయి ఈసారి పరీక్షకు కూర్చుంటున్నాడు.